పచ్చ గీత పాకుతాంది

సోమారం, మిరుగం కార్తె పెట్టిన దినం

కొత్తకోటల మా కొడుకు నాగేందర్ ఫోటో స్టూడియో షెటర్ ఖాళీ చేసినం. మా ఆయన, మరిది పోయి సామాను ఆటోల ఏసుకొచ్చిండ్రు. లైట్లు, తెల్ల గొడుగులు, ఎనుక కట్టే గుడ్డలు గొర్ల కొట్టంల పెట్టిచ్చిన. కంప్యూటర్ మాత్రం లోపలి అర్రల బియ్యం సంచుల పక్కకు పెట్టిచ్చిన. అమ్మేద్దమన్నడు ఆయన. ఇననట్టు ఉన్న.

సామానుల గీ డైరీల కట్ట ఉండె. కొత్త సంవత్సరంల గిరాకీలకు పంచుతనని వాడు అచ్చేయించినయి. మీద స్టూడియో పేరున్నది. లోపల తారీకులు అచ్చేసి ఉన్నయి. నేను జనవరికెళ్ళి రాస్తున్న. వాడు ఉన్న తారీకులు గవి.

బేస్తారం

సుస్మిత వచ్చింది. నాగేందర్ తాన ఆల్బంలు తయారు చేసిన పిల్ల. బస్సు దిగి ఎండల నడుసుకుంట వచ్చింది. ఈ ఈడు పిల్లలందరు నన్ను పెద్దమ్మ అంటరు. ఈ పిల్ల మొదటి సంది అత్తమ్మ అంటది. ఎందుకని నేను అడుగలే.

తీగలన్ని కలిపి కంప్యూటర్ ఆన్ చేసింది. ఒక పసుపు సంచి బొమ్మ ఉన్నది. దాని మీద రెండుసార్లు ఒత్తితే తెరుసుకుంటది. ఫోల్డర్ అంటరట. నేను సంచి అంటున్న.

"ఇండ్ల ఎన్ని ఫోటోలున్నయి బిడ్డా" అన్న.

"లెక్కలేదు అత్తమ్మా. స్టూడియో పెట్టిన కాడికెళ్ళి తీసినయన్ని గీ ఒక్కదాంట్లనే ఏసిండు. పెండ్లికో ఫోల్డర్ చెయ్యి, గిట్లుంటే తెరుసుకోదు అని ఎన్నిసార్లు మొత్తుకున్ననో. మందను ఎవడన్న ఇంటికిన్ని పంచి కడ్తడా అనెటోడు."

గొర్లోళ్ళ పిల్లగాడు గట్లనే అంటడు మరి.

పాతయి మీద ఉంటయి, కొత్తయి కింద ఉంటయి అని చెప్పింది. నేను వాడు పోయిన దినంవి ఏడున్నయని అడిగిన. నా దిక్కు చూడకుంట చెప్పింది, అట్టడుగున ఉంటయని. పెండ్లి అయినంక వాడు షెటర్ కొచ్చి కెమెరాల ఫోటోలు ఇండ్ల ఎక్కించిండట. ఎక్కించి చీకటి పడంగ ఇంటికని బండి తీసిండట. పక్క షెటర్ల టైలర్ చూసిండు. సుస్మిత ఆ దినం లేదు.

ఆ పెండ్లోళ్ళు మా ఫోటోలు ఏమాయె అని సుస్మితకు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నరట. వాళ్ళను ఒక్క మాట అడుగమన్న. మావోడు మీ ఇంట్ల తిన్నడా అని. అడిగిందట. ఊరంత తిన్నదమ్మా, ఎవరు తిన్నరు ఎవరు తినలేదు అని ఎవరు చూసిండ్రు అన్నరట.

పోయేటప్పుడు సుస్మిత వాని కుర్చీ మీద చెయ్యి పెట్టి కొంచెం సేపు నిలబడ్డది.

శనివారం

ఆ దినం పొద్దుగాల చాయ తాగి పోయిండు. సద్ది తిని పో అంటే పెండ్లిల తింట అన్నడు. ఫోటోలు తీసేటోళ్ళకు అందరైనంక పెడ్తరు. ఒక్కోసారి గిన్నెలు గీకి పెడ్తరు. ఒక్కోసారి అది గూడ ఉండది. ఈ సంగతి వాడే చెప్తుండె, నవ్వుకుంట.

పిట్టకు పెట్టిన దినం కాకి ముట్టలే. పప్పు పెట్టినం, మాంసం పెట్టినం, సారా గూడ పెట్టిండ్రు. చెట్టు మీద కూసొని చూసింది గనీ దిగలే. పొద్దెక్కినంక ఆయన ఆవుకు పెట్టేసిండు. మా తోటికోడలు బీరమ్మ అందరి ముంగట అన్నది, ఆకలితోని పోయిండు పోరడు, గందుకే ముడుతలేదు, ఇగ ఇంటి సుట్టే తిరుగుతడు అని.

పెద్దలకు పెట్టే పెత్రమాస నాడు వాని పేర వండాలె. ఏం వండాలె. ఆకలి తీరి పోయినోనికి వండుడు ఒక తీరు, ఆకలితోని పోయినోనికి వండుడు ఒక తీరు.

ఫోటోలల్ల వాడు ఉండడు. వాని ముంగట ఉన్నోళ్ళు ఉంటరు. ఆఖరుకు వాని ముంగట ఎవరున్నరో చూడాలె. వాళ్ళను అడుగాలె.

సోమారం

సంచి తెరిసిన. మీద ఒక పచ్చ గీత పాకుతది. అది ఈ కొసకెళ్ళి ఆ కొసకు పోయిందాక కింద అన్ని తెల్ల కాయిదాలే. తరువాత ఒక్కొక్క కాయిదం మీద ఒక్కొక్క మొఖం వస్తది. మొదలు ఒక పెండ్లి వచ్చింది. పసుపు బట్టల పెండ్లిపిల్ల, కుర్చీల పండుకున్న చిన్నపిల్ల, ముక్కుపుడక ముసలామె.

కిందికి జరిపితే అన్ని మల్ల తెల్లగైనయి. గీత మల్ల మొదలుకెళ్ళి పాకింది.

డబ్బా లోపల గుర్రుగుర్రుమని సప్పుడు. నడుమ నడుమ టిక్కుమంటది.

మంగళారం

గీత సగం దాక పోయింది. కరెంటు పోయింది.

బుధారం

ఈ రోజు గూడ అంతే.

ఐతారం

రోజు ఇంటి పని చేసుకొని కూసుంటున్న. రోజు మొదలు ఆ పెండ్లే వస్తది. పసుపు బట్టల పిల్ల, పండుకున్న పిల్ల, ముక్కుపుడక ముసలామె. వాళ్ళ మొఖాలు పాఠం అయినయి. వాళ్ళను జల్దిజల్ది దాటేస్తున్న. నాకు కావల్సింది అడుగున ఉన్నది.

నేను వాని కోసం చూస్తలేను. పెండ్లోళ్ళ ఫోటోలు వాళ్ళకు చేరాలె. ఒకల సొమ్ము మన ఇంట్ల ఉండొద్దు. గందుకే.

తొలి ఏకాశి

సుస్మితకు ఫోన్ చేసిన. తెరుసుకుంటలేదు బిడ్డా అన్న.

"ఒకసారి బంద్ చేసి మల్ల ఆన్ చెయ్యి అత్తమ్మా."

"బంద్ చేస్తే మల్ల మొదలుకెళ్ళి పాకుతది గద."

"ఎన్ని దినాల సంది ఆన్ల ఉన్నది?"

నేను చెప్పలే. కరెంటు పోయినప్పుడు తప్ప నేను ఎన్నడు బంద్ చెయ్యలే. మనిషి పోయిన జాగల దీపం పెడ్తం, అది ఆరకుంట చూసుకుంటం. ఇది గూడ గట్లనే అనుకున్న. ఆమెకు చెప్తే నవ్వుతదో ఏడుస్తదో అని చెప్పలే.

బంద్ చేసిన. అర్ర సప్పుడు లేకుంట అయింది. గప్పుడు తెలిసింది, ఇన్ని దినాలు ఆ గుర్రు ఇనుకుంటనే నేను పండుకుంటున్న అని. వాడు గట్లనే గురక పెట్టెటోడు.

మల్ల ఆన్ చేసిన. కొంచెం సేపు మంచిగ ఉరికింది. మల్ల గంతే.

శుక్కురారం

ఇయ్యాల ఒక ఫోటోల వాని నీడ దొరికింది.

ఎవరిదో పెండ్లి, సాయంత్రం ఎండ. పెండ్లికొడుకు కాళ్ళ కాడ నేల మీద పొడుగు నీడ. రెండు మోచేతులు పైకి లేపి ఉన్నయి, కెమెరా పట్టుకున్నట్టు. తల ఒక దిక్కు వంగి ఉన్నది. వాడు గట్లనే వంచుతడు తల.

దాని మీద ఏలు పెట్టిన. ఏలు కింద అద్దం ఎచ్చగ ఉన్నది.

శనివారం

ఇంకో నీడ.

సోమారం

నీడలు ఏ ఫోటోలల్ల ఉంటయో తెలిసింది. పొద్దుమీకి తీసినయి, వాకిట్ల తీసినయి. తెల్ల కాయిదాలు మొఖాలు అయ్యిందాక నేను నేల దిక్కే చూస్తున్న. ఒక దాంట్ల గోడ మీద ఉన్నడు. ఒక దాంట్ల పెండ్లిపిల్ల తల్లి చీర మీద ఉన్నడు.

బీరమ్మ వచ్చి తలుపు కాడ నిలబడ్డది. "ఏమక్కా, డబ్బాల కొడుకుతోని ముచ్చట పెడ్తున్నవా?" అన్నది. "ముచ్చట గాదు, పెండ్లోళ్ళ ఫోటోలు ఎతుకుతున్న" అన్న. "పెండ్లోళ్ళను ఎతుకు మంచిదే గనీ, జర ఆ చెయ్యి తియ్యి, ఎవల మొగన్నో గోకుతున్నవ్" అన్నది.

నవ్వొచ్చింది. ఎన్ని దినాలకో. నవ్వినంక బుగులైంది.

బుధారం

ఆయన గొర్లను తోలుకొచ్చి, కట్టె గోడకు ఆనిచ్చి, లోపటికొచ్చి నా ఎనుక కూసున్నడు. ఎన్నడు రాలే ఈ అర్రకు. పచ్చ గీత పాకుతాంది. ఆయన దాన్నే చూసిండు. గీత కొసకు రాంగనే ఆగింది. అన్ని తెల్లగైనయి.

"దానికి ఆయాసం వస్తాంది" అన్నడు.

"ఎవనికి?"

"డబ్బాకు" అన్నడు. లేచి పోయిండు.

గొర్లకు నీళ్ళు పెట్టలే. నేనే పెట్టిన.

రాఖీ పున్నం అయినంక ఐతారం

సుస్మిత వచ్చింది. కుర్చీల కూసొని ఏమేమో ఒత్తింది. దగ్గర కూసొని చూసిన. మొఖాలు చూపిచ్చేదానికి ఇది ప్రతి ఫోటోను తెరిసి లోపలికి చూసి మల్ల మూస్తదట. అన్నిటికి అట్ల చేస్తది. అందుకే ఇంత సేపు.

"మరి ఒకసారి చూసినయి మల్ల ఎందుకు చూస్తది? యాదికి ఉండదా?"

"ఉంటది అత్తమ్మా. చూసిన మొఖాలను ఒక తాన దాసుకుంటది. గనీ దీంట్ల జాగ నిండిపోయింది. దాసుకునేటందుకు జాగ లేదు. గందుకే రోజు మొదటిసారి చూసినట్టే చూస్తది."

జాగ చెయ్యాలంటే ఏదన్న తీసెయ్యాలె అన్నది. చెడిపోయిన ఫోటోలు తీసేద్దం, నీడ పడ్డయి, కండ్లు మూసుకున్నయి, ఊగినయి. ఆల్బంలకు అవి ఎట్లనన్న పనికిరావు అన్నది.

"నీడయి ముట్టకు" అన్న.

నా దిక్కు చూసింది. నేను ఒకటి తెరిసి చూపిచ్చిన, గోడ మీద ఉన్నది. చాన సేపు చూసింది. తరువాత ముక్కు తుడుసుకున్నది.

"ఏదీ తీసెయ్యనియ్యకపోతుండె నాగేందర్. ఇవి గూడ" అన్నది.

"మరి ఏం తీసేద్దం?"

ఇంకో సంచి తెరిసింది. దాంట్ల పెద్దపెద్ద ఆల్బం పేజీలున్నయి, పూలు, హంసలు, పెండ్లోళ్ళ పేర్లు బంగారు రంగుల. ఒక్కొక్కటే తీసేసింది. అన్ని అయినంక అన్నది, "ఇవి నేను చేసినయి అత్తమ్మా. మూడేండ్ల పని. అచ్చయిపోయినయే గద, ఏం కాదు."

అంబలి పోసిన. తాగలే. పోయేటప్పుడు తాగింది.

మంగళారం

గీత ఉరుకుతాంది. నిన్న చూసిన మొఖాలు ఇయ్యాల ఉన్నయి. తెల్లగైతలెవ్వు. డబ్బా సప్పుడు సన్నగైంది.

ఇంక కింద ఉన్నది.

బేస్తారం

అడుగుకు వచ్చిన.

శుక్కురారం

నిన్న రాయబుద్ది కాలే.

అట్టడుగున ఉన్నది పెండ్లి గాదు. కొత్తకోటల ఎవరిదో చిన్నపిల్ల పుట్టిన దినం. కేకు, బుడగలు. ఆ ఫోటోలు వాడు ఇంటికి తెచ్చి నాకు ఫోన్ల చూపిచ్చిండు, ఆ పిల్ల కేకుల చెయ్యి పెట్టింది చూడు అని. అది వాడు పోయిన దానికి రెండు మూడు దినాల ముంగట.

తరువాత ఏం లేదు. తెల్లగ ఉన్నది. కిందికి జరుపుతనే ఉన్న, జరుగుతలేదు.

ఆ దినం లేదు.

ఐతారం

సుస్మిత ఫోన్ల అన్నది, ఎక్కలేదు కావచ్చు అత్తమ్మా, ఎక్కిచ్చిండని టైలర్ అనుకున్నడు కావచ్చు, కెమెరాలనే ఉండిపోయినయి కావచ్చు. కెమెరా ఏమైందో నాకు తెలుసు. పోలీసు స్టేషన్ల సంచిల కట్టి ఇచ్చిండ్రు. దాంట్ల పెద్ద ముక్క ఏదీ లేదు.

పెండ్లోళ్ళకు ఏం చెప్పాలె అని సుస్మిత ఏడ్చింది. నాకు పెండ్లోళ్ళు యాదికి రాలే.

సోమారం

మంగళారం

ఏం రాయను.

చవితి

బీరమ్మ కుడుములు పంపిచ్చింది. ఎదురుంగ పెట్టుకొని కూసున్న. వాడు ఎంత ఆకలితోని పోయిండో.

ఆయన అన్నడు, "పెత్రమాసకు పంతులుకు బియ్యం ఇయ్యాలె, చెప్పిన." నేను అన్న, "ఏం వండాలె?" "వానికి ఇష్టమైనయి." "అవి పిట్టకు పెట్టిననాడు గూడ పెట్టినం గద."

ఆయన కండువాతోని మొఖం తుడుసుకున్నడు.

శనివారం

సుస్మిత చెప్పకుంటనే వచ్చింది. ఇంకొకసారి చూస్తనన్నది. నేను వద్దన్న. చూస్తనన్నది.

మొఖాలన్ని మాయం చేసి పేర్లు పెట్టింది. ఒక్క ఒత్తుడుకు సంచి మొత్తం వచ్చేసింది, గీత లేదు, ఆగుడు లేదు. అన్ని ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు. వరుసల మీద వరుసలు. "ఏడికి పోయిండ్రు అందరు? మల్ల పెట్టు. మొఖాలు పెట్టు" అన్న. చెయ్యి పట్టుకున్న.

"ఏడికి పోలే అత్తమ్మా. ఉన్నరు. ఒక్క నిమిషం. తారీకులు చూద్దం."

నేను గొర్లను మొఖం చూసి పడుతా. అంకె చూసి ఎన్నడు పట్టలే.

ఆమె మీదికి జరిపింది. మీదికి పోయి ఆగింది. తెర దగ్గరికి మొఖం పెట్టింది.

"ఇదేంది. ఇవి రెండు వేల సంవత్సరంల తీసినట్టు చూపిస్తాంది."

"అయితే?"

"రెండు వేలల నాగేందర్ పాలు తాగుతుండె గద అత్తమ్మా. కెమెరా ఎక్కడిది?"

తరువాత గబగబ మాట్లాడింది, నాకు సగమే తెలిసింది. కెమెరాల ఒక చిన్న బిళ్ళ ఉంటదట, గడియారం నడిపిచ్చేది. అది అయిపోతే కెమెరాకు ఏ దినమో తెలువది, మొదలుకెళ్ళి పట్టుకుంటదట. బిళ్ళ మార్చుకుంట అని అంతకు ముంగట వారం వాడు ఆమెతోని అన్నడట. మార్చలే. గందుకే సంచి ఆ ఫోటోలను అన్నిటికన్న పాతయి అనుకొని అన్నిటి మీద పెట్టింది.

అన్నిటి మీద.

మొఖాలు పెట్టమన్న. పెట్టింది. పసుపు బట్టల పిల్ల. కుర్చీల పండుకున్న పిల్ల. ముక్కుపుడక ముసలామె.

సుస్మిత పందిరి బోర్డు పెద్దగ చేసి చదివింది. ఇంగ్లీషు పూల అక్షరాలు. ఆ పేర్లే, ఆ దినమే.

మిరుగం సంది నేను రోజు మొదలు చూసినయి అవే. జల్దిజల్ది దాటేసినయి అవే.

శనివారమే, మల్ల

సుస్మిత పోయింది. పెండ్లోళ్ళ ఫోటోలన్ని పెన్ డ్రైవ్ అనే చిన్న పుల్లల ఎక్కిచ్చుకొని పోయింది.

నేను ఒక్కొక్కటి చూసిన. ఇప్పుడు అన్ని జల్ది తెరుసుకుంటున్నయి. నాకే కిందికి జరుపబుద్ది అయితలేదు. తలంబ్రాలు. బంతి భోజనాలు. పెండ్లికొడుకు దోస్తులు అద్దాలు పెట్టుకొని. వాడు అందరిని మంచిగ తీసిండు. ఎవరి మీద కోపం రాలే వానికి. పొద్దు వంగేదాక తీసిండు.

బంతులు అయినంక కుర్చీలు ఎత్తుతున్నరు. ఒకడు గుడ్డ ఇప్పుతున్నడు. కుక్క ఆకుల కాడ ఉన్నది.

ఆఖరుది. వంటల కాడ ఒక ఆడామె. తలకు గుడ్డ కట్టుకున్నది. గంజు ముంగట నిలబడి నోరంత తెరిసి నవ్వుతాంది. ఒక చేతిల గరిటె. ఇంకో చెయ్యి ముంగటికి చాపింది. ఆ చేతిల ఇస్తారి ఉన్నది. ఉత్త ఇస్తారి. వాని దిక్కు పట్టుకున్నది.

తరువాత పుట్టిన దినంలు, కేకులు, పాత పెండ్లిళ్ళు.

బుధారం

సుస్మిత ఆ ఫోటో కాయిదం మీద తీసి ఇచ్చింది. ఆయనకు చెప్పకుంట ఆ పెండ్లోళ్ళ ఊరికి బస్సెక్కిన. మదనాపురం దాటినంక దిగి ఇంకింత నడవాలె. ఊర్ల కిరాణం దుకాణంల ఫోటో చూపిస్తే, బక్కమ్మ గద, వంటోళ్ళ ఎంట పోతది అన్నరు.

వాకిట్ల కూసొని పల్లికాయ తెంపుతాంది. ఫోటో ఇచ్చిన. చూసి నవ్వింది, ఆ ఫోటోల లెక్కనే.

"గింత నల్లగ తీసిండేందమ్మా. నేను గింత నోరు తెరుస్తనా? మా ఆయన చూస్తే ఇంట్లకు రానియ్యడు. కూసో అక్కా, ఏ ఊరు మీది?"

చెప్పిన. కూసున్న. నీళ్ళిచ్చింది.

"ఆ దినం ఫోటోలు తీసిన పిల్లగాడు మీ కాడ తిన్నడా?" అని అడిగిన.

"ఫోటోల పిల్లగాడా? ఏమో అక్కా. పెండ్లికి ముగ్గురు నలుగురు ఉంటరు వాళ్ళు. ఎన్ని పెండ్లిళ్ళకు పోతం, ఎంత మందికి వడ్డిస్తం. ఒక్కని మొఖం గూడ యాదికి ఉండది. ఎందుకు, పైసలేమన్న ఇచ్చేదుండెనా?"

"నేను వాని తల్లిని. ఆ దినమే పొద్దుమీకినంక కొత్తకోట బైపాస్ కాడ పోయిండు."

ఆమె చేతులు ఆగినయి. ఒళ్ళెకెళ్ళి పల్లికాయ కింద పడ్డది, ఏరుకోలే. ఫోటో మల్ల తీసుకొని చూసింది. చాన సేపు చూసింది. తన మొఖమే గద, ఏం చూసిందో.

"ఆఁ" అన్నది. "యాదికొస్తాంది. యాదికొచ్చింది అక్కా. ఇగో, నేను ఇస్తారి చూపిచ్చి పిలిచిన గద. అందరైపోయిండ్రు, రా కొడుకా తిను, అన్న. ఫోటో తీసి అచ్చి గీడనే పొయ్యి పక్కకు కూసున్నడు. బగారన్నం అయిపోయుండె. తెల్లన్నం పెట్టిన. పప్పు పోసిన. ఆఖరుకు పెరుగు పోస్తే అంత జుర్రుకున్నడు. ఇంకింత పొయ్యి అన్నడు."

"ఇంకింత అన్నడా?"

"అన్నడు. పోసిన. కడుపు నిండ తిన్నడు అక్కా. నువ్వు ఫికర్ చెయ్యకు. ఆకలితోని పోలే."

నా మొఖం దిక్కు చూడకుంట పల్లికాయ తెంపుకుంట చెప్పింది. పని మీద ఉన్నోళ్ళు గట్లనే మాట్లాడుతరు.

నేను మల్ల అడిగిన. మల్ల అట్లనే చెప్పింది. తెల్లన్నం, పప్పు, పెరుగు. ఒక్క మాట తప్పలే.

బస్సు దాక వచ్చింది నాతోని. కొంగుల పల్లికాయ పోసింది. ఫోటో ఆమెకే ఇచ్చేసిన. బస్సు కదిలినంక చూసిన, రోడ్డు పక్కన కూసొని ఆమె ఏడుస్తాంది. మంచి మనిషి. ఎవరి బిడ్డ పోయినా ఏడ్చే మనిషి.

తెల్లన్నం. పప్పు. పెరుగు. మరిచిపోకుంట రాసుకుంటున్న.

పెత్రమాస

పొద్దుగాలనే అలుకు చల్లి వండిన. పంతులుకు బియ్యం, కూరగాయలు ఇచ్చి ఆయన వచ్చిండు. ఇస్తారి ఏసిన. తెల్లన్నం పెట్టిన. పప్పు పోసిన. మాంసం వండలే. గారెలు చెయ్యలే. బీరమ్మ చూసి, ఇదేందక్కా పెద్దల అమాసకు, రోజు తినే కూడే పెడ్తున్నవ్ అన్నది.

పెరుగు గిన్నె తెచ్చి పోస్తాంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టిండు.

"వానికి పెరుగెందుకు? చిన్నప్పటి సంది ముట్టడు గద. వాసనకే లేసిపోయెటోడు."

"ఇంకింత పొయ్యి అన్నడట" అన్న.

ఆయన నా దిక్కు చూసిండు. నేను ఇస్తారి దిక్కు చూస్తున్న. వాకిట్లకెళ్ళి గొర్లు అరుస్తున్నయి. కొంచెం సేపటికి ఆయన చెయ్యి తీసిండు. నా చేతులకెళ్ళి గిన్నె తీసుకున్నడు. వంగి, అన్నం మునిగేటట్టు ఇంకింత పోసిండు.